పుంగనూరు కోడి, కుప్పం జెండాలు

కోడి డ్రైవర్ కాళ్ల సందులోకి దూరింది.

"ఓయమ్మా, ఎవురిదప్పా ఈ కోడి! బ్రేకు కింద పడిందంటే అందరం కలిసి పైకి పోతాం!" అని డ్రైవర్ కేకేసి, బస్సును రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. నేను అప్పటికే సీట్ల కింద మోకాళ్ల మీద పాకుతున్నాను. చెనిక్కాయల మూట మీద కూర్చున్న పెద్దాయన కాళ్లు రెండూ పైకెత్తుకుని, "రెక్కలు పట్టుకో పాపా, రెక్కలు! తోక పట్టుకుంటే ఈకలే మిగిలేది" అని సలహాలిస్తున్నాడు గానీ చెయ్యి మాత్రం కదపడు. కండక్టర్‌కి ఇదంతా వేడుక. "టికెట్ లేకుండా ఎక్కినాది గదా, నన్ను సూసి పారిపోతాండాది" అన్నాడు.

అప్పుడు నా పక్క సీట్లో ఉన్న పుష్పమక్క లేచింది. ఒళ్లో ఉన్న దుప్పటి తీసి, రెండు అంచులూ పట్టుకుని, వల విసిరినట్టు ఒక్క విసురు విసిరింది. వాళ్లది సముద్రం ఒడ్డు ఊరు మరి. కోడి దుప్పట్లో పడింది. బస్సంతా చప్పట్లు. కోడిని చంకలో పెట్టుకుని నా వైపు తిరిగి పుష్పమక్క నవ్వింది, పళ్లన్నీ కనబడేలా.

నేను అలాగే కింద కూర్చుండిపోయాను. ఆమె మా ఊరికి వచ్చి పదకొండు రోజులు. ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

మదనపల్లి

మొదటి నుంచి చెబుతాను. నా పేరు సుగుణ. తొమ్మిదో తరగతిలో చదువు ఆపేసి, మదనపల్లి మిషన్ ఆస్పత్రి కుట్టు గదిలో పని చేస్తున్నాను. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు కుడతాం. ఊళ్లు తిరిగినదాన్ని కాదు. మా సంఘంలో పుంగనూరు దాటి పోని ఆడవాళ్లు నాలాంటివాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా సంఘానికీ, శ్రీలంకలో జాఫ్నా వైపున్న ఒక చిన్న సంఘానికీ స్నేహం. ఎప్పుడో ఒక దొరసాని డాక్టరమ్మ అక్కడ కొన్నేళ్లు, ఇక్కడ కొన్నేళ్లు పనిచేసి, ఈ రెంటికీ ముడివేసి పోయింది. అప్పటి నుంచీ ఉత్తరాలు నడుస్తున్నాయి. వాళ్లు అరవంలో రాస్తారు. కుప్పం పాస్టర్ అయ్యగారికి అరవం బాగా వచ్చు కాబట్టి ఉత్తరాలన్నీ ఆయనకే వస్తాయి. ఆయన తెలుగు చేసి మాకూ, పుంగనూరు వాళ్లకూ పంపుతారు. లంకలో గొడవలు ముదిరాక ఉత్తరాలు పెరిగాయి. ఫలానా వాళ్ల ఇల్లు కాలిపోయింది, ఫలానా వాళ్ల అబ్బాయి కనబడడం లేదు, అన్నీ ఇలాంటివే. మేమూ, పుంగనూరు వాళ్లూ కలిసి ఆ సంఘంలోని ఇళ్ల పేర్లు చీటీల మీద రాసి, ఇంటికొక చీటీ తీసుకున్నాం. ఏ చీటీ వస్తే ఆ ఇంటి కోసం ప్రతి శుక్రవారం ప్రార్థన చెయ్యాలి. అంతకన్నా మా చేతిలో ఏముంది?

పుష్పమక్క ఆ సంఘంలో టీచరు. మద్రాసులో ఆడవాళ్ల సభలకని వచ్చి, ఇన్నేళ్లుగా ఉత్తరాలు రాసేవాళ్లను చూసి పోదామని మదనపల్లి వచ్చింది. వచ్చిన రెండో రోజే కుప్పం నుంచి కబురు. ఆమె భర్తను మిలిటరీ వాళ్లు స్కూల్లో నుంచే తీసుకుపోయారట. ఆయనా టీచరే. ఎక్కడ పెట్టారో తెలియదు, ఉన్నాడో లేడో తెలియదు. ఏదైనా తెలిస్తే కుప్పానికి టెలిగ్రాం ఇస్తామని వాళ్ల పాస్టర్ రాశాడు.

ఇటు చూస్తే మన దేశంలో ఉండడానికి ఆమెకిచ్చిన గడువు అయిపోవస్తోంది. మద్రాసు రైలు కుప్పంలో ఎక్కాలి. కబురు వచ్చినా రాకపోయినా ఎక్కాల్సిందే. దారిలో పుంగనూరు వాళ్లు ఒక్క పూటైనా ఆగమని అడిగారు. "నా కోసం మోకాళ్ల మీద నిలబడినవాళ్లు. చూడకుండా ఎలా పోతాను?" అంది.

మా అమ్మది కుప్పం కాబట్టి నాకు అరవం వచ్చు. తోడు నన్ను పంపారు. "నోరు కొంచెం అదుపులో పెట్టుకోవే సుగుణా, ఆయమ్మ దుక్కంలో ఉండాది" అని మా మేట్రనమ్మ పదిసార్లు చెప్పింది. అయితే ఆమె అరవం, మా అమ్మ అరవం ఒకటి కాదు. సగం మాటలు రెండుసార్లు అడగాల్సి వచ్చేది. అవును అనడానికి వాళ్లు 'ఓం' అంటారు. మొదటి రోజు మేట్రనమ్మ అన్నం పెట్టనా అంటే ఆమె "ఓం" అంది. మేట్రనమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

పుంగనూరు

పుంగనూరులో దిగేసరికి వాన. మా ప్రార్థన గుడి రేకుల కప్పు మీద వాన మోతకి పాట వినబడలేదు, మా మాటలూ వినబడలేదు. ఆడవాళ్లు దగ్గర దగ్గరగా చాప మీద కూర్చున్నారు. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. పుష్పమక్క సంగటిని బాగా నమిలి తింటోంది. పక్కావిడ తట్టుకోలేక, "నమలగూడదమ్మా, మింగాల! ఇట్ల!" అని నోరు తెరిచి చూపించింది.

అక్కడ దానమ్మవ్వ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. ఆమెకు వచ్చిన చీటీ పుష్పమక్క వాళ్ల ఇల్లే. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, ముందుగా అడిగిన మాట ఇది.

"మాస్టరు మోకాలు నొప్పి ఎట్లుండాదమ్మా?"

నేను అరవంలో చెప్పాను. పుష్పమక్కకు అర్థం కాలేదు. ఏ మోకాలు? చివరికి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక ఉత్తరంలో, మాస్టర్ సైకిల్ మీద నుంచి పడ్డాడని, మోకాలు వాచిందని రాసిందట. అది నెలలోనే నయమైపోయింది.

"నయమైందా!" దానమ్మవ్వ నా మీదికి లేచింది. "మరి సెప్పొద్దా! రెండేండ్లుగా మోకాలు, మోకాలు అని దేవుణ్ని సతాయిస్తాండాను గదమ్మే! ఆయన కూడా సెప్పలేదు సూడు!"

అందరూ నవ్వారు. పుష్పమక్క మాత్రం ముసలామె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆ చేతులు వదలకుండానే, "మీ చెరువులోకి నీళ్లు వచ్చాయా? ఆ ఏడు వానలు లేవని మీరు రాస్తే మా ఊళ్లో మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం" అంది. ఆ మాట తెలుగులో అందరికీ వినబడేలా చెప్పాను. మన వానల కోసం సముద్రం అవతల ఎవరో అన్నం మానేశారని మనకేం తెలుసు?

బయల్దేరేటప్పుడు దానమ్మవ్వ కాళ్లు కట్టిన ఎర్ర కోడిని తెచ్చి పుష్పమక్క ఒళ్లో పెట్టింది.

"నీ మొగుడు ఇంటికి వచ్చినాక దీన్ని కోసి పెట్టు."

"అవ్వా, ఆయమ్మ సముద్రం దాటి పోవాల. కోడిని పడవలో ఎక్కనిస్తారా?" అన్నాను.

"అదంతా నాకు తెలీదు. నేను మొక్కుకునింది ఆ మాస్టరికి. ఆయన వచ్చిందాకా కొయ్యగూడదు. వచ్చినాక కొయ్యాల. ఇంగ మాట్లాడొద్దు."

ఆ మాట ఉన్నదున్నట్టు పుష్పమక్కకు చెప్పాను. ఆమె "ఓం" అంది. పక్కనున్న సంఘపెద్ద ఉలిక్కిపడి నా వైపు చూశాడు. అది వాళ్ల అవును అని ఆయనకు చెప్పేలోపు బస్సు వచ్చేసింది.

కోడి ముడి విప్పుకుని డ్రైవర్ దగ్గరికి పోయిన సంగతి మీకు ముందే చెప్పాను.

గంగవరం

పలమనేరులో టీ తాగాం. అర్ధరూపాయి. టీ బాగుంది గానీ, పుష్పమక్క అందులో చక్కెర వేసినందుకు ఆశ్చర్యపోయింది. వాళ్ల ఇంట్లో టీ వేరే తాగి, తాటిబెల్లం ముక్క వేరే కొరుక్కుంటారట.

వి.కోట బస్సు ఎక్కి గంగవరం దగ్గరికి వచ్చేసరికి ఎవరిదో శవం పోతోంది. పలకలు కొడుతున్నారు, రోడ్డు మీద పూలు చల్లుతున్నారు. బస్సు ఆగింది. పుష్పమక్క అటూ ఇటూ చూసి, "జెండాలు లేవేం?" అంది.

ఏం జెండాలని అడిగాను.

"మా దగ్గర చావు జరిగితే రోడ్డు మలుపు నుంచి ఇంటి దాకా తెల్ల జెండాలు కడతారు. ఎవరినీ అడగక్కర్లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు బస్సు దిగి, ఆ జెండాలు ఏ ఇంటి దాకా ఉన్నాయో చూసుకుంటూ పోతారు." కోడి రెక్కలు సర్దుతూ మళ్లీ అంది. "నేను రోజూ కళ్లు మూసుకుంటే అదే. మా మలుపులో దిగుతాను. తల ఎత్తడానికి ధైర్యం రాదు."

నోరు అదుపులో పెట్టుకోమన్న మాట అప్పుడు నాకు చెప్పక్కర్లేకపోయింది. కోడిని ఆమె ఒళ్లో నుంచి నా ఒళ్లోకి తీసుకున్నాను, అంతే.

వి.కోట దగ్గర ఒక ఇల్లు

వి.కోట ఇంకా రెండు మైళ్లుందనగా వానకి కల్వర్టు కొట్టుకుపోయింది. బస్సు ముందుకు పోదు. రోడ్డు పక్క తోటలోని రైతు ఇంటి ఆవిడ మమ్మల్ని పిలిచింది. "ఆడబిడ్డలు వానలో యాల నిలబడుకోనుండారు, లోపలికి రాండి." ఆమె పేరు మునెమ్మ. మేము కిరస్తానీలమని ముందే చెప్పాను. "అయితే ఏమి, మీరు కూడు తినరా?" అంది.

ఇంట్లో సగం పట్టుపురుగులవే. తట్టల మీద తట్టలు. పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు అచ్చం చిన్న వాన పడుతున్నట్టే ఉంటుంది. బయట వాన, లోపల వాన. కోడిని పురుగుల గదిలోకి పోనివ్వొద్దని మునెమ్మ ఒక గంప కింద మూసి, దాని మీద రోలుబండ పెట్టింది. "నీ కోడి ఒక్క పూట దూరిందంటే నా పంటంతా దాని కడుపులోనే" అంది.

సంగతి అంతా విని మునెమ్మ ఇంకో తట్టలో ఆకు పరిచింది. తర్వాత మెల్లగా, "మా వెంకటరమణసామికి నేను కూడా మొక్కుకుంటానమ్మా ఆయప్ప కోసరం. మీ దేవుడు ఏమీ అనుకోడు గదా?" అని అడిగింది.

పుష్పమక్కకు చెబితే ఆమె లేచి మునెమ్మను కావలించుకుంది.

ఒక రోజంతా అక్కడే ఉండిపోయాం. బయల్దేరిన మూడోరోజు నీళ్లు తగ్గాక కల్వర్టు నడిచి దాటి, అవతల బస్సు పట్టుకున్నాం. మర్నాడు పొద్దునే మద్రాసు రైలు. ఈ ఆలస్యమే అటు కుప్పంలో ఇంకో పనికి వీలిచ్చిందని మాకు అప్పుడు తెలియదు.

కుప్పం

కుప్పంలో దిగి జట్కా మాట్లాడుకున్నాం. స్టేషన్ దాటి గుడి సందులోకి తిరిగేటప్పుడు నేను ముందు వైపు కూర్చున్నాను కాబట్టి నాకే ముందు కనబడింది.

తెల్ల జెండాలు. సందు మొదట్లో నుంచి గుడి గుమ్మం దాకా, రెండు పక్కలా, తాళ్లకి వరసగా.

మన వాళ్లకు తెలుపంటే ఏంటో నాకు తెలుసు. పెళ్లికూతురు తెలుపు, బాప్తిస్మం తెలుపు. ఎవరికైనా పెద్ద మర్యాద చెయ్యాలంటే మనకు మొదట తట్టేది తెలుపే. అయినా ఆ క్షణంలో, నిజంగానే టెలిగ్రాం వచ్చిందేమో, చెడ్డ కబురేమో అనిపించింది.

"అక్కా, ఇటు చూడు! ఆ కొండ చూడు! మా అమ్మమ్మ వాళ్లు ఆ కొండ కిందే..." అని ఆమె గడ్డం పట్టుకుని అటు తిప్పబోయాను. అక్కడ ఏ కొండా లేదు, ఒక రైసుమిల్లు ఉంది. ఆమె నా చెయ్యి మెల్లగా తీసేసి ముందుకు చూసింది.

అరవలేదు. ఆపమని జట్కా తోలే సాయిబుకు సైగ చేసింది. దిగింది. కొంగు తల మీదికి లాక్కుని నడవడం మొదలుపెట్టింది. నేను కోడిని పట్టుకుని వెనకే పరుగెత్తాను.

గుడి దగ్గర నుంచి ఆడవాళ్లు పాడుకుంటూ ఎదురొస్తున్నారు. పాట వింటే తెలియదా అంటారేమో. పెళ్లికైనా, చావుకైనా మనం పాడుకునేదే కదా. పుష్పమక్క వాళ్లూ అంతే. అందరికన్నా ముందు మార్తమ్మ, ఇళ్లు తిరిగి వాక్యం చెప్పే అక్కడి బైబిలు స్త్రీ, చెప్పులు లేకుండా బురదలో పరుగెత్తుకొస్తోంది.

"వచ్చినాడమ్మా! నీ మొగుడు ఇంటికి వచ్చినాడు! వదిలేసినారు!"

పుష్పమక్కకు తెలుగు రాదు. ఎదురుగా ఒకామె రెండు చేతులూ చాపి, ఏడుస్తూ నవ్వుతూ అరుస్తూ వస్తోంది, అంతే ఆమెకు కనబడింది. ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. అరవంలో చెప్పాలి నేను. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన అరవం. ఒక్క మాట రాలేదు. నోరు తెరిస్తే గాలే వస్తోంది.

చేతిలో కోడి ఉంది. దాన్ని రెండు చేతులతో ఆమె ముఖం ముందుకి ఎత్తి అరిచాను.

"అక్కా! కోడి! కోడి కొయ్యాలక్కా!"

ఆమె కోడిని చూసింది. నన్ను చూసింది. ఆయన వచ్చినాక కొయ్యాలని దానమ్మవ్వ పెట్టిన షరతు ఆమెకు గుర్తొచ్చింది. అలాగే బురదలో కూలబడిపోయి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కోడి గోల కోడిది.

అయ్యగారు టెలిగ్రాం తెచ్చి అరవంలో చదివారు. మాస్టర్‌ను వదిలేశారు. ఇంటికి చేరాడు. క్షేమం. అంతే ఉంది. ఆమె మళ్లీ చదవమంది. ఆయన మళ్లీ చదివారు. మూడోసారి ఆమే తీసుకుని చదువుకుంది.

టెలిగ్రాం మేము మదనపల్లిలో బయల్దేరిన రోజే వచ్చిందట. అయ్యగారు ఫోన్ చేస్తే వానకి లైన్లు లేవు. ఇంక వీళ్ల సంతోషానికి పట్టపగ్గాలు లేవు. రంగుకాగితం వానకి నానిపోతుందని మార్తమ్మ పండగకని దాచుకున్న కొత్త తెల్ల చీరను కత్తిరించి జెండాలు కుట్టింది. మాకు వి.కోటలో ఒక రోజు ఆలస్యం కావడంతో ఇంకో నలభై కుట్టింది.

"ఎట్లుండాయమ్మా జెండాలు?" అని పుష్పమక్కను అడిగింది. నేను అరవంలోకి మార్చాను. పుష్పమక్క, "ఇంత మర్యాద నాకు ఎవరూ చెయ్యలేదు" అంది. అది కూడా అబద్ధం కాదు.

కోడిని కోద్దామన్నారు. పుష్పమక్క ఒప్పుకోలేదు. "ఆయన ఇంటికి చేరాడు. నేను ఇంకా చేరలేదు. నేను చేరి ఉత్తరం రాస్తాను, అప్పుడు పుంగనూరులో కోసి అందరూ తినండి" అంది. నెల తర్వాత ఆ ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారం కోడిని పుంగనూరు తీసుకుపోయాను. దానమ్మవ్వ మసాలా నూరుతూ అడిగింది. "ఉత్తరంలో ఒళ్లు నొప్పులు, గిళ్లు నొప్పులు ఏమన్నా రాసినాదా? ఇప్పుడే సెప్పు. మళ్లీ రెండేండ్లు నన్ను మోసం చెయ్యగూడదు."

మర్నాడు పొద్దున

కుప్పం చేరిన ఆ సాయంత్రం నేనొకటి గమనించాను. గుడి నుంచి అయ్యగారి ఇంటికి భోజనానికి పోవాలంటే సందులోంచే దారి. పుష్పమక్క మాత్రం గుడి వెనక ముళ్లకంపలు దాటుకుని పోయింది. తిరిగి వచ్చేటప్పుడూ అలాగే వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కబురు మంచిదే, ఆమెకూ తెలుసు. కాళ్లు మాత్రం ఆ జెండాల కిందికి పోవడం లేదు.

తెల్లవారగానే మార్తమ్మను లేపి, వాళ్ల ఊళ్లో తెల్ల జెండాలంటే చావని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది, ఆమె ముఖం అలా అయిపోయింది. "అయ్యో దేవా! ఆయమ్మకి నేను సావు సూపిస్తినా!"

"పీకెయ్యొద్దు. ఒక పెద్ద గిన్నె, పసుపు ఇవ్వు" అన్నాను.

"పసుపా! గుడికి పసుపేందే? ఊరంతా ఏమనుకుంటారు?"

"చారులో వేస్తే లేని పాపం గుడ్డకి వేస్తే వస్తాదా మార్తమ్మా?"

ఆమె కొంగు బిగించింది. లోపలికి పోయి, నేను అడిగిన గిన్నె కాదు, క్రిస్మస్‌కి అన్నం వండే డేగిసా ఈడ్చుకుంటూ వచ్చింది.

పొయ్యి వెలిగించాం. తాళ్లు విప్పి, జెండాలన్నీ పసుపు నీళ్లలో ముంచి, పిండి, తడివి తడిగానే మళ్లీ కట్టాం. మోచేతుల దాకా పసుపు, మా జాకెట్లు పసుపు, మార్తమ్మ కట్టుకున్న చీర అంచు పసుపు. రైలు టైమవుతోంది. పుష్పమక్క పెట్టె పట్టుకుని గుడి వెనక వైపు తిరగబోతుంటే, "అక్కా, ఇటు" అని కేకేశాను.

ఆమె సందు మొదట్లో ఆగింది. తల ఎత్తి చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. మార్తమ్మ చేతులు చూసింది, నా చేతులు చూసింది. పెట్టె నాకిచ్చి, నడవడం మొదలుపెట్టింది. కొంగు తల మీద లేదు. జెండాల నుంచి చుక్కలు ఆమె జుట్టు మీద, భుజాల మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

కట్టడానికి టైము చాలక ఒక జెండా నా చేతిలోనే మిగిలిపోయింది. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్నే ఊపాను. మల్లానూరు వైపు మలుపు తిరిగి చివరి డబ్బా కనబడకుండా పోయేదాకా, పసుపు నీళ్లు నా ముఖం మీద చిందుతున్నా, ఊపుతూనే ఉన్నాను.